నలభై దాటకుండా మాచర్ల దాకా

మాచర్ల పోయి రావటం కూడా యాత్రేనా అని మా స్టాఫురూములో నవ్వారు. నిజమే, పొద్దున నరసరావుపేటలో బస్సెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకి మాచర్లలో దిగొచ్చు. కానీ నేను బస్సులో పోలేదు. కొన్న పదకొండో రోజున కొత్త మోటారు సైకిలు మీద, వెనకాల మా ఆవిడ భారతిని కూర్చోబెట్టుకుని, మొదటి వెయ్యి కిలోమీటర్లూ వేగం నలభై దాటకూడదని రాసి ఉన్న కంపెనీ పుస్తకాన్ని చొక్కా జేబులో పెట్టుకుని పోయాను. ఆ మూడు రోజుల్లో నేను పడ్డ భయం ముందు, కాశీకి నడిచిపోయినవాళ్ళ కష్టం ఏపాటిదో చెప్పమనండి.

నేను పుట్టి పెరిగింది రేపల్లె పక్కన. కాలవ గట్ల మీద సైకిలు తొక్కటం తప్ప మరో వాహనం ఎరగను. నరసరావుపేట హైస్కూలుకి డ్రాయింగు మాస్టరుగా వచ్చి పద్నాలుగేళ్ళయింది. పుట్టుకతోనే పిరికివాణ్ణి, దాచుకునేదేముంది. అలాంటివాణ్ణి గుంటూరు షోరూములో పేరు రాయించుకుని, ఏడాదిన్నర ఎదురుచూసి, ఎర్ర బండి ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. ఎత్తిపోతల జలపాతం దాకా సొంత బండి మీద పోవాలని నాకెప్పటి నుంచో ఉంది.

ఆ బండిలో ఒక విశేషం ఉంది. మనవైపు తిరిగే చిన్న బళ్ళన్నిటికీ పెట్రోల్లో నూనె కలపాలి. కలపకపోతే ఇంజను పట్టేస్తుంది, ఉన్నట్టుండి చక్రం బిగుసుకుని మనిషి ఎగిరి పడతాడు. నా బండికి ఆ బాధ లేదు. నూనె ఇంజను అడుగున విడిగా ఉంటుంది. ఈ ముక్క షోరూమాయన నాకు నాలుగుసార్లు చెప్పి, ఒకసారి నా చేత అప్పచెప్పించుకున్నాడు.

భయం బండి గురించే అయితే ఇంత రాయను. భారతిది గురజాల. వాళ్ళన్నయ్య సాంబయ్య ఐదేళ్ళ క్రితం పిడుగురాళ్ళ నుంచి ఇంటికి పోతూ మోటారు సైకిలు మీంచి పడి చనిపోయాడు. ఎలా పడ్డాడో చూసినవాళ్ళు లేరు. ఆయన భార్య రవణమ్మ ఆ ఇంట్లోనే ఒక్కతే ఉండి పొలం చేయించుకుంటోంది. ఆనాటి నుంచి వీధిలో మోటారు సైకిలు చప్పుడైతే చాలు, లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంటుందట. అలాంటి మనిషి ఇంటి ముందుకి మేం కొత్త బండేసుకుని పోవాలి.

నేనైతే చెప్పకుండా ఊరుకుందామన్నాను. భారతి ఒప్పుకోలేదు.

"దాచి ఎన్నాళ్ళు తిరుగుతామండీ? రేపు ఎవరో ఒకరు చెప్తే వదిన చానా బాధపడుద్ది. మనమే తీసకపోయి చూపిద్దాం. చూసి తట్టుకోలేకపోయిందా, బండి అమ్మేద్దాం."

అమ్మేద్దాం అన్న మాట వినగానే పోయి బండి హ్యాండిలు పట్టుకున్నాను. ఏడాదిన్నర ఎదురుచూపు, పదకొండు రోజుల ముచ్చట. అయినా ఆవిడ అన్న పోయిన దారి, ఆవిడ వదిన ఇల్లు. సరేనన్నాను.

పెట్రోలు బంకు దగ్గర

మాఘమాసం, పొద్దున ఏడు గంటలు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి బయల్దేరాం. మొదటి గండం ఊళ్ళోనే, పెట్రోలు బంకులో ఎదురైంది. నిండా పోయిస్తే ఎండకి పొంగుతుందేమోనని మూడు లీటర్లు చాలన్నాను. బంకు మనిషి పోయటం అయ్యీ కాకముందే అలవాటు చొప్పున నూనె డబ్బా అందుకున్నాడు. నేను ట్యాంకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టాను. ఈ బండికి నూనె అక్కర్లేదని నేను చెబుతుంటే, చుట్టూ ఉన్నవాళ్ళు నా వంక జాలిగా చూశారు.

"నూనె లేకుండా పోయే ఇంత చిన్న బండి నేనీ బంకులో చూళ్ళేదు మాస్టారూ. దారిలో ఇంజను పట్టుద్ది. వెనకమాల అమ్మగారున్నారు, నా మాట ఇనండి," అన్నాడాయన.

అంత నమ్మకంగా చెప్పేసరికి నాకే అనుమానం వచ్చింది. బండి పక్కకి తోసుకుని జేబులో పుస్తకం తీసి, ఇంగ్లీషులో ఉన్న ఆ పేజీ మళ్ళీ రెండుసార్లు చదువుకున్నాను. అక్కర్లేదనే ఉంది. అయినా నకరికల్లు దాటే దాకా నా చెవులు రెండూ ఇంజను దగ్గరే ఉన్నాయి.

రోడ్డే కళ్ళం

నకరికల్లు దాటాక రోడ్డుకి అడ్డంగా కాయలతో ఉన్న ఉలవ కట్టె పరిచి ఉంది. మా వైపు ఏ పంటైనా కళ్ళంలో ఎడ్లతో తొక్కిస్తారు. పల్నాట్లో బస్సులూ లారీలూ ఆ పని పైసా ఖర్చు లేకుండా చేసిపెడతాయి. చక్రం జారుతుందని భయపడి నేను ఆగిపోయాను. పక్కన పార పట్టుకున్న పెద్దాయన ఆగావేందని అడిగాడు. పడతామేమోనని చెప్పాను. పడితే ఉలవ కట్టె మీదేగా పడేది, దెబ్బేం తగలదు పొమ్మన్నాడు. భారతి దిగి నడిచింది. నేను రెండు కాళ్ళూ నేలకి రాసుకుంటూ, బాతులాగా ఊగుతూ ఆ అరఫర్లాంగూ దాటాను. దాటి ఊపిరి పీల్చుకుంటుంటే, బస్సు వచ్చేసరికి ఆలస్యమవుద్ది గానీ ఇంకో రెండు తిప్పులు తిప్పిపొమ్మని వెనక నుంచి కేకేశాడు. కొత్త బండి అని బతిమాలుకుంటే, కొత్తదైతే ఇంకా బాగా తొక్కుద్దన్నాడు. చివరికి చెంబెడు మజ్జిగ ఇచ్చి వదిలిపెట్టాడు. చైనులో చుట్టుకున్న ఉలవ తీగలు తీయటానికి పావుగంట పట్టింది.

పిడుగురాళ్ళలో చెట్లూ కప్పులూ మనుషుల కనుబొమలూ అన్నీ సున్నం రంగే. బట్టీల పొగకి భారతి కొంగు ముక్కుకి కట్టుకుంది. టీ అరవై పైసలు, మంచి చిక్కటి టీ. తాగబోయే ముందు అలవాటు కొద్దీ గ్లాసుడు నీళ్ళు పుక్కిలించి ఉమ్మేశాను. కొట్టాయన నేను ఉమ్మిన నీళ్ళ వంక చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు. మా కాలవల దగ్గర నీళ్ళకి ఎవరూ లెక్క చూడరు. ఆయన ఆ నీళ్ళు మైలు దూరం నుంచి కావడి మీద మోయించుకుంటాడట. సిగ్గేసి రెండో టీ కూడా తాగాను.

ఊరు దాటి కొంత దూరం పోయాక భారతి నా భుజం మీద చెయ్యి వేసి, ఇక్కడే అంది. ఎడం పక్క నాపరాళ్ళు నిలబెట్టి కట్టిన దడి, అవతల మిరపచేను. బస్సులో వచ్చినప్పుడల్లా ఆ చోట కళ్ళు మూసుకునే మనిషి, ఆ పూట మూసుకోలేదు. నేను ఇరవైకి తగ్గించాను.

గురజాల

ఊళ్ళోకి వచ్చాక నాకొక ఆలోచన తట్టింది. వీధి మొదట్లోనే ఇంజను ఆపేసి బండిని తోసుకుంటూ పోయాను. చప్పుడు లేకుండా పోతే ఆవిడ బెదరదు కదా అని. రవణమ్మ అరుగు మీద మిరపకాయలు ఏరుతోంది. తల ఎత్తి చూసింది. భారతినీ నన్నూ చూసి, బండిని చూసి, లేచి నిలబడింది. తలుపు వేసుకోలేదు.

"ఎందుకన్నయ్యా తోసుకొస్తన్నారు?" అనడిగింది.

నిజం చెప్పొచ్చు కదా. నీ కోసమేనమ్మా అంటే పోయేది. నా నోటికి అంత ధైర్యం ఎక్కడిది. పెట్రోలు తక్కువగా ఉంది, ఆదా చేస్తున్నానని చెప్పాను. ఆ చిన్న అబద్ధమే మా ప్రయాణాన్నంతా తిప్పేసింది.

ఆవిడ మెట్లు దిగి వచ్చింది. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. ముట్టుకోలేదు. నూనె కలిపారా అనడిగింది. ఈ బండికి అక్కర్లేదమ్మా అన్నాను. బండికి నూనె అక్కర్లేకపోవటం ఏంది అని తనలో తను అనుకున్నట్టు అని, నీళ్ళు తేవటానికి లోపలికి పోయింది. అన్నం పెట్టేటప్పుడు మళ్ళీ అదే అడిగింది. జొన్నన్నం, గోంగూర, పండుమిరపకాయ పచ్చడి. మా రేపల్లెలో జొన్నన్నం అంటే ఒంట్లో బాగాలేనివాళ్ళ పథ్యం, ఇక్కడ చుట్టాలకి పెట్టే మర్యాద. పచ్చడి కారానికి నా కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, వడ్డిస్తూనే మూడోసారి అడిగింది. నేను తల అడ్డంగా ఊపానంతే, నోరు తెరిచే స్థితిలో లేను. ఆ రాత్రి వదినా మరదళ్ళు వంటింట్లో చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను అలసిపోయి నిద్రపోయాను.

తెల్లారి లేచేసరికి రవణమ్మ బండి పక్కన ఉంది. తడిగుడ్డతో ట్యాంకు తుడుస్తోంది. కాళ్ళ దగ్గర పొలంలో మందు కొట్టే మోటారు స్ప్రేయరు తాలూకు పెట్రోలు డబ్బా, చేతిలో చిన్న స్టీలు గిన్నె ఉన్నాయి.

"రెండు లీటర్లు పోశానన్నయ్యా. మాచర్ల దాకా మీకింక బెంగ లేదు," అంది.

బండిని ముట్టుకుంది, తుడిచింది, పెట్రోలు కూడా పోసింది. నాకు కొండంత బరువు దిగినట్టయింది. బండి అమ్మక్కర్లేదు అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ముందు అదే అనుకున్నాను. ఆ చిన్న గిన్నె ఎందుకో నాకు తట్టనే లేదు.

పొగ

గురజాల దాటి ఐదారు మైళ్ళు పోయామో లేదో, వెనక నుంచి భారతి పొగ వస్తోందంది. తిరిగి చూస్తే నీలంగా, తోకలాగా పొడుగునా పొగ. రెంటచింతల వచ్చేసరికి ఇంజను దగ్గటం మొదలుపెట్టింది. ఊరవతల పూర్తిగా ఆగిపోయింది. పుస్తకం తీశాను. నూనె ఎప్పుడు మార్చాలో ఉంది, చైను ఎంత బిగించాలో ఉంది, పొగ గురించి ఒక్క ముక్క లేదు.

అప్పుడు నా బుర్రలో మెదలని పాపం లేదు. ఉలవ కట్టె మీద పోనిచ్చినందుకా, పోయినవారం ఒక్కసారి నలభైరెండు తాకినందుకా, బంకు మనిషి చెప్పిందే నిజమా? ఇంజను పట్టబోతోందా, వెనకాల ఈవిడ ఉండగా? మేకలు తోలుకుపోతున్న ఒకాయన ఆగి, బండన్నాక పొగ రాకుండా ఎట్టా, రాకపోతేనే అనుమానపడాలన్నాడు. ఆ ధైర్యం నాకేం పని చెయ్యలేదు. ఒక లారీ డ్రైవరు దిగి, ప్లగ్గు విప్పి చొక్కా అంచుతో తుడిచి బిగించి, మాచర్లలో మస్తాన్ సాయిబు దగ్గరికి పొమ్మన్నాడు. ఇరవై వేగంతో, ఆగుతూ లేస్తూ, మూడు గంటలు పోయాం. రెంటచింతల ఎండ మాఘంలోనే నెత్తి మాడుస్తుంది. మా వైపు ఇదే నెలలో పొద్దున పూట ఇంకా దుప్పటి కప్పుకుంటారు.

మాచర్ల, మస్తాన్ సాయిబు

అరవై ఏళ్ళ మనిషి. తెల్ల గడ్డం, నల్ల చేతులు. నేను చెప్పేదేదీ వినలేదు. ట్యాంకు మూత తీసి చూపుడు వేలు ముంచి, బొటనవేలితో రుద్ది చూసుకున్నాడు.

"నూనె ఎవరు కలిపారు?"

ఎవరూ కలపలేదన్నాను. అన్నాక, ఆ స్టీలు గిన్నె నా కళ్ళ ముందు మెదిలింది. స్ప్రేయరుకీ నూనె కలిపిన పెట్రోలే పోస్తారు, దాని మీద ఆ గిన్నెడు నూనె. గురజాలలో మా చుట్టాలావిడ పోసిందని, సాంబయ్య భార్య అని చెప్పాను. మస్తాన్ సాయిబు వేలు తుడుచుకోవటం ఆపేశాడు.

భారతి అక్కడున్న బల్ల మీద కూలబడింది. రాత్రి వంటింట్లో వదిన తనతో అన్న మాట అప్పుడు బయటపెట్టింది. సాంబయ్య బండికి రోజూ పొద్దున్నే నూనె కొలిచి పోసేది రవణమ్మేనట, ఆ గిన్నెతోనే. ఆయన పోయిన రోజున గేదె ఈనుతుంటే ఆ హడావుడిలో నూనె పోయలేదట. ఇంజను పట్టి పడిపోయాడని, తనే చంపుకున్నానని ఐదేళ్ళుగా లోపలే కుమిలిపోతోందట. ఎవరికీ చెప్పలేదు, మా బండిని చూశాక ఆ రాత్రి మొదటిసారి భారతికి చెప్పింది. చెప్పి, తెల్లారి లేచి, నేను మూడుసార్లు వద్దన్నా నమ్మక, మా బండికి నూనె కొలిచి పోసింది.

పొగ వచ్చినప్పటి నుంచీ ఆ బండి గురించి నేను పడ్డ బెంగంతా సిగ్గుగా అనిపించింది.

మస్తాన్ సాయిబు ట్యాంకులో పెట్రోలు డబ్బాలోకి వంచాడు. ప్లగ్గు కాల్చి తుడిచాడు. అప్పుడు చెప్పాడు.

"ఆ బండి నా దగ్గరికే వచ్చిందమ్మా. మీ చుట్టాలెవరో లారీ మీద ఏసుకొచ్చి నాకే అమ్మారు. దించి కిక్కు కొట్టా. ఒక్క కిక్కుకే లేసింది. అయినా ఇంకొకరికి అమ్మేది కదా అని ఇంజను విప్పి చూశా. నూనె లేక పట్టిన ఇంజనైతే పిస్టను మీద గీతలు పడతయ్. ఒక్క గీత లేదు. ట్యాంకులో పెట్రోలు కూడా నూనె కలిపిందే. ఆయమ్మ ఆ రోజు పోసే ఉంటది, లేకపోతే ముందు రోజుది చాలి ఉంటది. ఇంజను వల్ల పళ్ళేదు ఆయన."

మరి ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదని నేను కొంచెం గట్టిగానే అడిగాను. ఆయన కోప్పడలేదు.

"ఎవరడిగారు సార్?" అన్నాడు.

ప్లగ్గుకి మూడు రూపాయలు తీసుకున్నాడు. వంచిన పెట్రోలు తన మోపెడులో పోసుకుంటానన్నాడు. ఇంజనుకేం కాలేదు, కొత్త పెట్రోలు పోయించుకుని పొమ్మన్నాడు.

ఎత్తిపోతల

ఆ సాయంత్రం ఎత్తిపోతల చూశాం. చూశామని చెప్పుకోవాలి కాబట్టి చెబుతున్నాను. నీళ్ళు రెండు పాయలుగా పడుతున్నాయి, అడుగున మొసళ్ళున్నాయన్నారు, చాలా అందంగానే ఉంది. ఇన్నేళ్ళు కలలు కన్న చోట నిలబడి మేమిద్దరం పోట్లాడుకున్నాం.

నా వాదన ఏమిటంటే, పిస్టను సంగతి చెబుదాం, మన బండికి నూనె పోసి పొగ తెప్పించిందన్నది మాత్రం చెప్పొద్దు. ఇప్పటికే ఒక బండి పాడుచేశానని ఏడుస్తున్న మనిషికి ఇంకో బండి సంగతి ఎలా చెప్పటం? అది వింటే జన్మలో మళ్ళీ బండి ముట్టుకోదు. మస్తాన్ దగ్గరికి ఎందుకు పోయారని అడిగితే బ్రేకు బిగించుకోవటానికని చెబుదామన్నాను.

"నిన్న ఒక అబద్ధం చెప్పారు, పెట్రోలు తక్కువుందని. దానికే ఇంత అయింది," అంది భారతి. "వదినకి ఎవరూ ఏదీ సరిగ్గా చెప్పకపోబట్టేగా ఐదేళ్ళు అట్టా బతికింది."

ఆ రాత్రి మాచర్లలో పన్నెండు రూపాయల గదిలో దోమలూ నేనూ జాగారం చేశాం. ఎలా చెప్పాలో ఎన్నో రకాలుగా అనుకున్నాను, ఏదీ కుదరలేదు.

మళ్ళీ గురజాల

ఈసారి వీధి మొదట్లో ఇంజను ఆపలేదు. ఇంటి ముందు దాకా చప్పుడు చేసుకుంటూనే పోయాను. రవణమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఒక చెయ్యి తలుపు మీదే ఉంది.

బండి దిగి, కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. మొన్న పెట్రోలు తక్కువన్నది అబద్ధమని, నువ్వు బెదురుతావని తోసుకొచ్చానని, పొగ వచ్చిందని, మస్తాన్ సాయిబు ఏం చూశాడో, ఏమన్నాడో అన్నీ. నా మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పిస్టను మీద గీతల్లేవన్న ముక్క రెండుసార్లు చెప్పాను.

ఆవిడ వింటూ నిలబడింది. అంతా అయ్యాక, మొదట అడిగింది నా బండి గురించి.

"మీ బండి చెడగొట్టానా అన్నయ్యా?"

"లేదమ్మా. మూడు రూపాయల పని. బాగుంది."

అప్పుడు అరుగు మీద కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తరవాత అదీ తీసేసి, పైకే ఏడ్చింది. భారతి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. ఎదురింటివాళ్ళు బయటికి వచ్చి చూసి, లోపలికి పోయారు. నేను ఏం చెయ్యాలో తెలియక బండి అద్దం తుడుస్తూ నిలబడ్డాను. నా కళ్ళూ నీళ్ళతోనే ఉన్నాయి.

కాసేపటికి తేరుకుని, గీతలు లేవని సాయిబు కళ్ళారా చూశాడా అని అడిగింది. చూశాడన్నాను. ట్యాంకులో నూనె ఉందన్నాడా అని అడిగింది. అన్నాడన్నాను. చివరగా, "ఒక్క కిక్కుకే లేసిందన్నాడా?" అంది.

"ఒక్క కిక్కుకే."

లేచి పోయి మొహం కడుక్కుని, మాకు జొన్న రొట్టెలు కాల్చి మూట కట్టి ఇచ్చింది. బయల్దేరదామని నేను బండెక్కి కిక్కు కొట్టాను. లేవలేదు. ఇంకోసారి కొట్టాను. వీధిలో అందరూ చూస్తున్నారు. సాయిబు బాగుచేశాక ఒక్కసారీ మొండికెయ్యని బండి, ఆ గుమ్మం ముందే మొండికేసింది. మూడోసారీ లేవలేదు. నాలుగోసారికి లేచింది.

గుమ్మంలో నిలబడ్డ రవణమ్మ తలుపు మీద చెయ్యి తీసి, మెట్లు దిగి, బండి దాకా వచ్చింది. హ్యాండిలు మీద చెయ్యి వేసి ఆ చప్పుడు కాసేపు వింది.

"కొత్తదేగానీ అన్నయ్యా," అంది, "మా ఆయన బండి ఒక్క కిక్కుకే లేసేది."